వెంటపడే మాట

పోలీసు జీపు దొంగల కారు వెంటపడితే ఇంగ్లిషులో అది ఛేజ్. పెరట్లోకి వచ్చిన కోతిని కర్ర పుచ్చుకుని తరిమినా ఛేజే. మొదటిచోట దొరకాలని పరుగు, రెండోచోట పోతే చాలునని పరుగు. ఇంత విరుద్ధమైన కోరికలకు ఒకే క్రియ ఎలా సరిపోతోంది? నిఘంటువులు ఆ అర్థాలకు అంకెలు వేసి ఊరుకుంటాయి. అసలు ఆ మాటలో ఏ కోరికా లేదనే నాకనిపిస్తుంది. ఒకటి ముందు కదులుతోంది, మరొకటి వెనక నుంచి తరుముకొస్తోంది. ఛేజ్ చెప్పేది అంతవరకే. ఎందుకన్నది, చివరికి ఏమైందన్నది సందర్భమో, పక్కన చేరే చిన్న మాటలో చెప్పాలి. ఆఫ్టర్ చేరితే అందుకోవాలనే ఆరాటం, అవే చేరితే పారదోలడం, డౌన్ చేరితే చాలాసార్లు చిక్కినట్టే. ఆఫీసులో కదలని ఫైలు కోసం పదేపదే ఫోన్లు చేయడానికి అప్ చేరుస్తారు. మనకిది కొత్తేం కాదు. కుక్క పిల్లిని తరిమిందంటే పట్టుకోవడానికో, వెళ్లగొట్టడానికో ఆ ఒక్క వాక్యంలో తేలదు.

పుట్టుక చూస్తే మాత్రం దీనికి ఎదురు సాక్ష్యం కనిపిస్తుంది. ఛేజ్‌కు మూలమైన లాటిన్ ధాతువుకు పట్టుకోవడమనే అర్థం. మరి ఆ పట్టు ఏమైనట్టు? 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక అక్కడ ఫ్రెంచి మాటలు వెల్లువలా చేరాయి. ఆ ఒక్క లాటిన్ మాటే నార్మన్ యాసలో కకారంతో ఒకసారి, మధ్య ఫ్రాన్స్ యాసలో చకారంతో మరోసారి ఇంగ్లిషులోకి వచ్చింది. మొదటిది క్యాచ్, రెండోది ఛేజ్. తొలినాళ్లలో క్యాచ్‌కు కూడా వేటాడటం, వెంటపడటం అనే అర్థాలుండేవి. ఒకే పనికి రెండు మాటలెందుకనుకుందో ఏమో, భాష వాటి మధ్య పంపకాలు చేసింది. ఫలితం క్యాచ్‌కు పోయింది, ప్రయత్నం ఛేజ్‌కు మిగిలింది. పర్చేజ్‌లో దాగున్నదీ ఈ ఛేజే. మొదట దేనికోసమో గట్టిగా ప్రయత్నించడమనే అర్థమున్న ఆ మాట సంపాదించడం వైపు జరిగి, చివరికి డబ్బిచ్చి కొనడం దగ్గర స్థిరపడింది. తోబుట్టువులిద్దరూ ఫలితం వైపు నడిచినా ఛేజ్ మాత్రం పరుగు దగ్గరే ఆగింది.

క్రికెట్‌లో ఇది బాగా తెలుస్తుంది. 2006 మార్చి 12న జొహానెస్‌బర్గ్ వన్డేలో ఆస్ట్రేలియా చేసిన 434 పరుగులను దక్షిణాఫ్రికా ఒక్క బంతి మిగిలుండగా, ఒకే వికెట్ తేడాతో దాటేసింది. ఒకవేళ ఆ జట్టు మూడొందలకే కుప్పకూలినా అది ఛేజింగే. మన పత్రికలు దీన్ని ఛేదన అంటాయి. శబ్దంలో దగ్గరే గానీ, కొట్టడం, నరకడం అనే అర్థమున్న ఆ సంస్కృత పదంలో పని ముగియడం ముందే ఇమిడి ఉంది. అందుకే ‘ఛేదనలో విఫలం’ అనే శీర్షిక కాస్త తమాషాగా ఉంటుంది. అలవాటైపోయి ఎవరికీ తట్టదు. కలల వెంటపడటాన్ని కూడా ఛేజ్ అంటారు కదా, కల పరుగెత్తదు, అక్కడున్నదంతా కోరికే కదా అనొచ్చు. అయితే చేతికందిన కల గురించి ఆ మాట ఎవరూ వాడరు. దూరం జరుగుతున్నంతసేపే వాడతారు. ఇక వెండి పళ్లెం మీద పూలు, లతలు చెక్కే పనిని ఛేజింగ్ అనడానికి ఈ పరుగుతో పని లేదు. పెట్టె అనే అర్థమున్న మరో లాటిన్ మాట నుంచి వేరే దారిన వచ్చి, స్పెల్లింగులో మాత్రం దీనితో కలిసింది.