ముల్లు గ్రుచ్చుకొన్న పాదమున జరుగు యుద్ధము

మలేసియా దేశపు పామాయిలు తోటలలో మట్టలు నఱకువారికిని, గెలలు మోయువారికిని ముల్లు గ్రుచ్చుకొనుట సామాన్యము. ముల్లును లాగివైచి తిరిగి పనిలో ప్రవేశించుట పలువురకు వాడుక. మఱునాటికి పాదము ఎఱ్ఱబడి, వేడియెక్కి, వాచి, సలుపుచుండును. ఇదియంతయు రోగమే యని తలంచువారు గలరు. నిజమునకు ఇందు పెక్కుభాగము దేహము తన్ను తాను కాపాడుకొనుటకు చేయు యుద్ధమే. ఆ యుద్ధము ఎట్లు జరుగునో, ఏ శత్రువునెదుట అది చాలకుండునో యెఱుగుట ప్రతి కుటుంబమునకును అవసరము.

చర్మము దేహమునకు కోటగోడ వంటిది. మట్టిలోను, బట్టలమీదను, చేతులమీదను లెక్కకు మిక్కిలియైన సూక్ష్మజీవు లుండినను, చర్మము చెడకుండునంతవఱకు వానికి లోపల ప్రవేశము దుర్లభము. ముల్లు ఆ గోడకు కన్నము వేయును. ఆ త్రోవను సూక్ష్మజీవులు చొచ్చి, లోపల వృద్ధి పొందనారంభించును.

అప్పుడు జరుగు సంగతిని మొట్టమొదట ముల్లుతోనే పరీక్షించి చూచినవాడు ఇల్యా మెచ్నికోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు. 1882వ సంవత్సరమున ఇటలీ దేశములోని మెస్సీనా పట్టణమున నుండగా, ఆయన గాజువలె పారదర్శకములైన నక్షత్రచేప పిల్లల దేహములలో గులాబి ముండ్లను గ్రుచ్చెను. మఱునాటి యుదయమున చూడగా, సంచరించు కణములు ముల్లు చుట్టును మూగియుండెను. మనుష్యుని రక్తములోని తెల్లకణములును ఇట్లే గాయముకడకు పరుగిడి, సూక్ష్మజీవులను మ్రింగి జీర్ణించుకొనునని ఆయన బోధించెను. 1908లో పాల్ ఎర్లిక్ అను జర్మను శాస్త్రజ్ఞునితోకూడ ఆయనకు నోబెల్ బహుమాన మొసగబడెను.

గాయమైనచోట రక్తనాళములు వెడల్పగును. అందుచేతనే యెఱుపును, వేడియు కలుగును. నాళములనుండి నీరు ఊరుటవలన వాపు కలుగును. కొన్ని గంటలలోనే తెల్లకణములు గుంపులుగా వచ్చి చేరును. పోరాటమున చచ్చిన తెల్లకణములును, సూక్ష్మజీవులును, కరగిన మాంసమును కలసినదే చీము.

కాలికి గాయమైన కొలది దినములకు గజ్జలో బిళ్ల కట్టుట అందఱు నెఱిగినదే. ఆ బిళ్ల సైనికులకు శిక్షణ యిచ్చు పాళెము వంటిది. అచ్చట ఆయా శత్రువును గుర్తించు కణములు వృద్ధియై, ప్రతిరక్షకములను పదార్థములను తయారుచేయును. ఇవి సూక్ష్మజీవులకు అంటుకొని, వానిని మ్రింగుటకు తెల్లకణములకు గుర్తు చూపును. కొన్ని విషములను నిర్వీర్యము చేయును. క్రొత్త శత్రువైనచో దీనికి వారము, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన కాలము పట్టును. అదే శత్రువు మరల వచ్చినచో, జ్ఞాపకముంచుకొన్న కణములు శీఘ్రముగా మేల్కొనును.

అయితే ధనుర్వాతము ఈ యేర్పాటునంతయు దాటిపోవును. దాని బీజములు మట్టిలోను, పశువుల పేడలోను ఉండును. గాలి చొరని లోతైన గాయము వానికి అనుకూలము. ఆ సూక్ష్మజీవి గాయమునందే యుండి విషమును విడుచును. విషము నరములవెంట ప్రాకును. దవడలు బిగియుట, మెడ కొయ్యబాఱుట, దేహము విల్లువలె వంగుట దాని లక్షణములు. గాయము చిన్నదై, వాపు లేకయే యుండవచ్చును. ప్రాణము తీయజాలు విషము అత్యల్పమగుటచేత, దేహమునకు దానిని నేర్చుకొను అవకాశమే దొరకదు. కావున ఒకసారి ధనుర్వాతము వచ్చి బ్రదికినవానికిని అది మరల రావచ్చును.

1890లో బెర్లిను నగరమున ఎమిల్ బేరింగు, కితసాతో అనువారు, రక్షణ పొందిన జంతువుల రక్తపు నీరు ఈ విషమును అణచునని నిరూపించిరి. నేటి టీకాయందు హానిశక్తి పోగొట్టబడిన విషమునే యెక్కింతురు. దానివలన దేహము అపాయము లేకయే ముందుగా శిక్షణ పొందును. ఈ రక్షణ కాలక్రమమున తగ్గును గనుక 10 సంవత్సరముల కొకసారి టీకాను మరల వేయించుకొనవలెను. మురికి గాయమైనచో, కడపటి టీకాకు 5 సంవత్సరములు దాటియున్నయెడల వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇదివఱకు టీకా లేని గర్భిణికి కనీసము 4 వారముల యెడముతో రెండు టీకాలు వేయింపవలెను. ఆమె ప్రతిరక్షకములు మాయద్వారా శిశువునకు చేరి, పురిటి దినములలో కాపాడును. శిశువు బొడ్డును శుభ్రము చేయని కత్తితో కోయరాదు. దానిపై పేడగాని బూడిదగాని పూయరాదు.

ముల్లు గ్రుచ్చుకొన్నవారు దానిని తీసి, గాయమును పాఱు నీటితోను సబ్బుతోను చక్కగా కడుగవలెను. పసరులు, పొగాకు, మట్టి దానిపై పెట్టరాదు. జ్వరము వచ్చినను, గాయమునుండి ఎఱ్ఱని చాఱ పైకి ప్రాకినను, దవడ బిగిసినను, ఆ దినముననే వైద్యునికి చూపవలెను. ఇంటివారి టీకా తేదీలను ఒక చీటిపై వ్రాసి భద్రపఱచినయెడల, గాయమైననాడు వైద్యునికి అది మిక్కిలి యుపయోగపడును.