చెయ్యి ముందా... ప్రెస్సు ఆగడం ముందా?

సేఫ్టీ పీఎల్‌సీ లెక్కలో 20 మిల్లీసెకన్లు తప్పినా వేళ్లకే ముప్పు

హోసూరు: పొద్దున షిఫ్టు బస్సుల్లో తమిళం, కన్నడంతో పాటు తెలుగు మాటలూ వినిపించే ఊరు హోసూరు. ఇక్కడి సిప్కాట్ పారిశ్రామికవాడలో వాహనాల విడిభాగాలు చేసే షెడ్లున్నాయి. ఇలాంటి షెడ్లలో పవర్ ప్రెస్సు మీద పనంటే చేతుల్ని కాపాడుకోవడమే సగం పని. ప్రెస్సు ముందు లైట్ కర్టెన్ బిగిస్తారు. కంటికి కనపడని దాని కిరణాలకు చెయ్యి అడ్డొస్తే మిషను ఆగిపోవాలి. 'కర్టెన్ ఉండాది గదన్నా, ఇంకేం భయం?' అనుకుంటారు కొత్త కుర్రాళ్లు. ఆగే మాట నిజమే. కానీ ఎంతసేపటికి? చిక్కంతా అక్కడే ఉంది.

తపాలా డబ్బా లెక్క

కర్టెన్ పంపిన కబురు మొదట సేఫ్టీ పీఎల్‌సీకి చేరుతుంది. తనలో లోపం వస్తే తానే పసిగట్టి మిషనును ఆపేసే కంట్రోలర్ ఇది. అయినా మామూలు పీఎల్‌సీలాగే ఇదీ చుట్లు చుట్లుగా పనిచేస్తుంది. ఇన్‌పుట్లు చదువుతుంది, ప్రోగ్రాం నడుపుతుంది, అవుట్‌పుట్లకు ఆజ్ఞ ఇస్తుంది. ఈ చుట్టునే స్కాన్ అంటారు.

తపాలా డబ్బా తెరిచి ఉత్తరాలు తీసుకెళ్లిన మరుక్షణం వేసిన ఉత్తరం, మళ్లీ తెరిచేదాకా అందులోనే పడి ఉంటుంది. ఇన్‌పుట్లు చదివేసిన మరుక్షణం చెయ్యి అడ్డొచ్చినా అంతే. ఆ చుట్టు పోయినట్టే, తర్వాతి చుట్టు పూర్తయితేగానీ ఆజ్ఞ రాదు. అందుకే స్కాన్ 20 మిల్లీసెకన్లయితే లెక్కలో 40 వేసుకోవాలి.

అన్ని ఆలస్యాలూ కలిపితేనే...

ఉదాహరణకు కర్టెన్‌కు 20 మిల్లీసెకన్లు, ఇన్‌పుట్ కార్డుకు 5, పీఎల్‌సీకి 40, అవుట్‌పుట్ కార్డుకు 5, వాల్వు గాలి వదిలి బ్రేకు పట్టి ప్రెస్సు నిలిచేదాకా 130 అనుకుందాం. మొత్తం 200, అంటే సెకనులో ఐదో వంతు. ఐఎస్ఓ 13855 ప్రమాణం ఇంత దగ్గరి దూరాలకు చేతి వేగాన్ని సెకనుకు 2,000 మిల్లీమీటర్లుగా తీసుకుంటుంది. ఈలోగా చెయ్యి 400 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. కర్టెన్ కనీసం అంత దూరంలో ఉండాలి. కిరణాల మధ్య ఎడం ఎక్కువుంటే ఇంకొంత కలపాలి. స్కాన్‌ను ఒక్కసారే లెక్కేస్తే 360 మాత్రమే వస్తుంది. ఆ తేడా 40 మిల్లీమీటర్లు. వేళ్లు నలగడానికి అది చాలు.

కబుర్లు నెట్‌వర్క్ కేబుల్ మీద వెళ్లేచోట ఇంకో మెలిక ఉంది. కబురు దారిలో పోతే, వాచ్‌డాగ్ గడువు తీరాకే మిషను ఆగుతుంది. కాబట్టి ఆ గడువునూ లెక్కలోకి తీసుకోవాలి. మిషను ఊరికే ట్రిప్పవుతోందని గడువు పెంచేసి కర్టెన్‌ను ఉన్నచోటే ఉంచితే, కాపాడాల్సిన తెరే మోసం చేస్తుంది.

బ్రేకు అరిగితే లెక్క మారుతుంది

కాలం గడిచేకొద్దీ బ్రేకు లైనింగు అరుగుతుంది. నిలిచే సమయం 130 నుంచి 180 అయితే మొత్తం 250 అవుతుంది, కావలసిన దూరం 500 మిల్లీమీటర్లకు చేరుతుంది. కర్టెన్ బోల్టులు మాత్రం పాతచోటే ఉంటాయి. అందుకే నిలిచే సమయాన్ని మీటరు పెట్టి ఎప్పటికప్పుడు కొలవాలి. బ్రేకు, వాల్వు మార్చినా, ప్రోగ్రాంలో మార్పు చేసినా లెక్క మళ్లీ చూడాల్సిందే. 'ఈ ప్రెస్సు నిలిచే టైము చివరగా ఎప్పుడు కొలిచినారన్నా?' అని షిఫ్టు ఎక్కేముందు అడగడంలో తప్పేమీ లేదు.