దీవికి ఎగిరొచ్చే మందుల పెట్టె

డ్రోన్ అనగానే మన తమ్ముళ్ళకి ముందుగా గుర్తొచ్చేది పెళ్ళిళ్ళలో తలల మీద గిరగిరా తిరిగే కెమెరా. ఈ మధ్య వరిచేలకి మందు కొట్టే డ్రోన్లు కూడా మన ఊళ్ళలోకి వచ్చాయి. మేము ఇక్కడ చెప్పబోయే మందు వేరు. లోపల పైలట్ కూర్చోని ఈ చిన్న విమానాలు దూరపు దీవులకి టీకాలు, మాత్రలు, ఉత్తరాలు ఎలా మోస్తున్నాయో, ఎక్కడ మోయలేక ఆగిపోయాయో మాకు తెలిసినంతలో చెప్పాలని ఈ ప్రయత్నం. మన హాస్టల్లో లంక గ్రామాల పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మేమూ లంక వాళ్ళమే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం. దీవి అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రేవు దాటితే గానీ ఆస్పత్రికి చేరలేని ఊరే దీవి.

ముందు అసలు ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. దీవుల్లో జనం తక్కువ. ఆ కొద్దిమంది కోసం రోజూ పడవ నడిపితే డీజిలు ఖర్చు కూడా రాదు కనుక వారానికి ఒకటో రెండో వేస్తారు. గాలివాన పట్టుకుంటే అవీ ఉండవు. బియ్యం, ఉప్పు, పప్పు అయితే నెలకి సరిపడా తెచ్చి పెట్టుకోవచ్చు. టీకాలు అలా కుదరవు. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఉండాలి. వేడెక్కితే పాడవుతాయని అందరికీ తెలుసు గానీ, గడ్డకడితే కూడా కొన్ని పాడవుతాయని చాలామందికి తెలియదు. ధనుర్వాతం టీకా, హెపటైటిస్-బి టీకా ఆ కోవలోవే. అందుకే ఏఎన్ఎం అక్కలు ఐస్ ప్యాకుల్ని ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే పెట్టెలో సర్దరు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించాక సర్దుతారు. ఆ నీలం పెట్టె భుజాన వేసుకుని పడవెక్కే అక్కని చూసిన వాళ్ళకి, కరెంటు లేని దీవికి టీకా చేర్చడం ఎంత పనో అర్థమవుతుంది.

పసిఫిక్ మహాసముద్రంలో వనువాటు అనే చిన్న దేశం ఉంది. దేశమంతా దీవులే, ఎనభైకి పైగా. అందులో ఎర్రొమాంగో అనే దీవికి అటు చివర కుక్స్ బే అనే ఊరుంది. ఆ ఊరికి ఆస్పత్రి లేదు, కరెంటు లేదు. కొండలెక్కి నడిచైనా పోవాలి, చిన్న పడవలోనైనా పోవాలి. 2018 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి స్వూప్ ఏరో అనే ఆస్ట్రేలియా కంపెనీకి ఈ పని అప్పజెప్పాయి. దీవికి పడమటి వైపున్న డిల్లన్స్ బే నుంచి దాదాపు 40 కిలోమీటర్లు కొండల మీదుగా డ్రోన్ ఎగిరి వెళ్ళింది. థర్మాకోల్ పెట్టెలో టీకాలు, ఐస్ ప్యాకులు, వాటితో పాటు చలి ఎంతుందో నమోదు చేసే చిన్న పరికరం పెట్టారు. గంటల తరబడి పట్టే దారి సుమారు 25 నిమిషాల్లో అయిపోయింది. అవతల నర్సు అందుకుని 13 మంది పిల్లలకి, అయిదుగురు గర్భిణులకి టీకాలు వేసింది. ఒక వాణిజ్య సంస్థ డ్రోన్‌తో చేరవేసిన టీకాను బిడ్డకి వేయడం ప్రపంచంలో ఇదే మొదటిసారి అని యునిసెఫ్ ప్రకటించింది. అవతల ఒక నర్సు ఎదురుచూస్తూ ఉందన్న సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వద్దాం.

ఇప్పుడు కొంచెం ఫిజిక్స్. పెళ్ళి డ్రోన్‌కి నాలుగు రెక్కలపంకాలు ఉంటాయి. అది గాల్లో ఒకచోట నిలబడాలన్నా పంకాలు గాలిని కిందికి నెడుతూనే ఉండాలి. లోతు నీళ్ళలో ఒకేచోట తేలుతూ కాళ్ళూ చేతులూ ఆడించేవాడిలాగ త్వరగా అలిసిపోతుంది, అంటే బ్యాటరీ అయిపోతుంది. విమానంలాగ రెక్కలున్న డ్రోన్ ముందుకి పోతున్నంతసేపూ రెక్కల మీద గాలే దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది. మోటారు గాలి రాపిడిని జయిస్తే చాలు. అదే బ్యాటరీతో ఎన్నో రెట్లు ఎక్కువ దూరం పోతుంది. చిక్కేమిటంటే దానికి రన్‌వే కావాలి, దీవిలో ఎవరు వేస్తారు? దీనికి రెండు ఉపాయాలు కనిపెట్టారు. ఆఫ్రికాలోని రువాండాలో 2016 నుంచి ఆస్పత్రులకి రక్తం చేరవేస్తున్న జిప్‌లైన్ కంపెనీ, డ్రోన్‌ని ఉండేలు బద్దతో రాయి విసిరినట్టు పట్టాల మీద నుంచి విసిరేది. గమ్యం మీదకి రాగానే అది కిందికి దిగకుండా చిన్న పారాచూట్‌తో పెట్టెను వదిలి వెనక్కి తిరిగేది. రెండో ఉపాయం జర్మనీ వాళ్ళ వింగ్‌కాప్టర్. లేచేటప్పుడు దాని పంకాలు పైకి చూస్తాయి, లేచాక ముందుకి వంగి విమానం అయిపోతుంది. పారాచూట్‌తో వదిలే డ్రోన్ ఆ దీవి నుంచి ఏమీ తిరిగి తేలేదు. దిగగలిగేది అయితే రోగి రక్తం శాంపిల్ ల్యాబ్‌కి పట్టుకుపోగలదు. మాకైతే ఈ రెండో సౌకర్యమే ఎక్కువ విలువైనది అనిపిస్తుంది. దీవిలో జ్వరం వస్తే మాత్ర దొరకడం ఒక ఎత్తు, ఏ జ్వరమో తెలియడం ఇంకో ఎత్తు.

బరువు సంగతి కూడా చెప్పాలి. 2014 సెప్టెంబరులో జర్మనీలో డీహెచ్ఎల్ కంపెనీ ఉత్తర సముద్రంలోని యూయిస్ట్ దీవికి మందులు పంపడం మొదలుపెట్టింది. ఆ దీవిలో కార్లు ఉండవు, గుర్రపు బళ్ళే. పడవలు సముద్రపు పోటు, ఆటులను బట్టి నడుస్తాయి. అటువంటి చోటికి 12 కిలోమీటర్ల దూరం, 50 మీటర్ల ఎత్తులో, సెకనుకి 18 మీటర్ల వరకు వేగంతో డ్రోన్ వెళ్ళేది. మోసే బరువు 1.2 కిలోలు. మన లావుపాటి గైడు ఒకటి పెడితే ఇంక చోటుండదు! 2018లో అదే కంపెనీ వింగ్‌కాప్టర్ తోనూ, జర్మనీ ప్రభుత్వ సహాయ సంస్థ జీఐజడ్ తోనూ కలిసి టాంజానియాలోని విక్టోరియా సరస్సులో ఉకెరెవే దీవికి మందులు పంపింది. ఈసారి 4 కిలోల బరువు, 60 కిలోమీటర్లు, 40 నిమిషాలు. రోడ్డు మీద అయితే 240 కిలోమీటర్లు, 6 గంటలు. నాలుగేళ్ళలో ఎంత తేడా వచ్చిందో చూడండి.

సెకనుకి 18 మీటర్లు అంటే 12 కిలోమీటర్లకి 667 సెకన్లు, అంటే సుమారు 11 నిమిషాలు. కానీ సముద్రం మీద గాలి ఊరుకోదు. సెకనుకి 9 మీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద లెక్కకి డ్రోన్ వేగం 9 మీటర్లే, 22 నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కదా, లెక్క సరిపోతుంది అనుకుంటాం. సరిపోదు. తిరుగు ప్రయాణం 27 మీటర్ల వేగంతో ఏడున్నర నిమిషాలు. మొత్తం దాదాపు 30 నిమిషాలు. గాలి లేకపోతే రెండు వైపులకీ కలిపి 22 నిమిషాలే. గ్రూప్స్‌కి, రైల్వే పరీక్షలకి చదివే అన్నయ్యలు వెంటనే గుర్తుపడతారు, ఇది మన పడవలు - ప్రవాహాల లెక్కే. గోదారికి ఎదురెక్కే సరంగుకి పుస్తకం లేకుండానే తెలిసిన విషయం. డ్రోన్‌కి మధ్యలో లంగరు వేసే వీలు లేదు, అంతే తేడా.

కంటికి కనిపించనంత దూరం పోయిన డ్రోన్‌ని ఎవరు నడుపుతారు అని అడగొచ్చు. దారి ముందే కంప్యూటర్‌లో గీసి ఇస్తారు. అది ఉపగ్రహాల సంకేతాలతో తానెక్కడుందో తెలుసుకుంటూ పోతుంది. ఒడ్డున ఉన్న పైలట్ తెర మీద చూస్తూ ఉంటాడు. సంబంధం తెగిపోతే వెనక్కి రమ్మనో, ముందే చెప్పిన చోట దిగమనో ఆదేశం దాంట్లోనే ఉంటుంది. ఇలాంటి ప్రయోగాలు దీవుల దగ్గర మొదలు కావడానికి దీవుల మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు. నీళ్ళ మీద కూలిపోతే కింద మనుషుల తలలు ఉండవు, అనుమతి ఇచ్చే అధికారులకి ధైర్యం.

మన దేశంలోనూ దీవికి టీకా ఎగిరింది. 2021 అక్టోబరు 4న మణిపూర్‌లో ఐసీఎంఆర్ వారి ఐ-డ్రోన్ పథకం కింద బిష్ణుపూర్ జిల్లా ఆస్పత్రి నుంచి లోక్‌తక్ సరస్సులోని కరాంగ్ దీవి ఆరోగ్య కేంద్రానికి కోవిడ్ టీకాలు పంపారు. దారిన పోతే 26 కిలోమీటర్లు. గాల్లో 15 కిలోమీటర్లు, 12 నుంచి 15 నిమిషాలు. ఆ రోజు 10 మందికి మొదటి డోసు, 8 మందికి రెండో డోసు అని ప్రకటించారు. పద్దెనిమిది మందికి ఇంత హంగామానా అని నవ్వేవాళ్ళు ఉంటారు. కానీ అప్పట్లో కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు ఉండేవి, మూత తీశాక 4 గంటల్లో వాడేయాలి. తక్కువ జనం ఉన్నచోట పెట్టె నిండా మోసుకెళ్ళి సగం పారబోయడం కన్నా, ఎంతమంది వస్తే అన్ని సీసాలు అప్పటికప్పుడు పంపడం నయం కదా. దానికి కొన్ని రోజుల ముందు, సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాద్‌లో కూడా డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం మొదలైంది. అక్కడ నీళ్ళు లేవు, దూరమే సమస్య.

మందులే కాదు, ఉత్తరాలు కూడా. బ్రిటన్‌లో రాయల్ మెయిల్ వారు 2021లో సిల్లీ దీవులకి రెండింజన్ల పెద్ద డ్రోన్‌తో ప్రయోగం చేశారు. అది 100 కిలోల దాకా మోస్తుంది. 2023లో స్కాట్లాండ్ పైనున్న ఆర్క్‌నీ దీవుల్లో స్ట్రామ్‌నెస్ ఊరి నుంచి పక్క దీవులకి చిన్న డ్రోన్లతో టపా పంపారు. అక్కడ దిగిన ఉత్తరాలని ఇంటింటికీ ఇచ్చింది మాత్రం ఆ దీవి పోస్ట్‌మ్యానే. జపాన్‌లో నాగసాకి దగ్గరి గోటో దీవుల్లో 2022లో మందుల పంపిణీ మొదలైంది.

ఇంత చెప్పాక ఇంకో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. యూయిస్ట్‌లోనూ, ఉకెరెవేలోనూ అంత పేరు తెచ్చుకున్న డీహెచ్ఎల్ 2021లో తన డ్రోన్ పనిని ఆపేసింది. ప్రయోగం నెగ్గడం వేరు, రోజూ నడవడం వేరు. ప్రారంభం రోజు ఫోటోలో ఉన్న డ్రోన్ ఆరు నెలల తరువాత ఎక్కడుందని అడిగేవాళ్ళు ఉండాలి.

రెండోది, ముందు చెప్పిన నర్సు సంగతి. లంకల్లో వరదొస్తే పాములు గట్టెక్కుతాయి. పాముకాటు మందు తేలికే, మొదట వేసే పది సీసాలు కూడా డ్రోన్‌కి బరువు కాదు. కానీ ఆ మందు నరంలోకి ఎక్కించాలి. కొందరికి పడక ప్రాణం మీదకి వస్తుంది, అప్పుడు వెంటనే విరుగుడు ఇంజెక్షన్ ఇవ్వడానికి తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి లేని ఊళ్ళో పెట్టె దిగి ఏం లాభం? పైగా పొడి రూపంలో దొరికే ఆ మందుకి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. వరదల కాలానికి ముందే ఉపకేంద్రంలో నిల్వ ఉంచి, నేర్చిన నర్సుని పెడితే డ్రోన్‌తో పనే లేదు. నిల్వ పెట్టడానికి వీలుకాని వాటికి, అంటే టీకాలు, రక్తం, ల్యాబ్ శాంపిళ్ళకి డ్రోన్ నిజంగా పనికొస్తుంది. ఇది మా అభిప్రాయం, కాదనేవాళ్ళు వచ్చే సంచికలో రాయండి. నొప్పులు పడుతున్న అక్కని ఆస్పత్రికి చేర్చడానికి మాత్రం పడవో వంతెనో కావలసిందే. వంతెన అడిగిన ఊరికి డ్రోన్ చూపించి సరిపెడితే ఒప్పుకోకూడదు.

అయినా వరద రోజుల్లో దీని విలువ వేరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు లంకలు ఎలా ఉన్నాయో మనలో చాలామందికి తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్ళకి డ్రోన్లతో భోజనం పొట్లాలు, మంచినీళ్ళు, మందులు అందించారు. రోడ్డున్న కాలనీ కూడా ఆ వారం దీవే అయింది. పడవ వెళ్ళలేని ఇరుకు సందుల్లో మేడ మీదకి నేరుగా దిగగలగడం అప్పుడు పనికొచ్చింది.

ఇంక తమ్ముళ్ళకి పనికొచ్చే ముక్క. మన దేశంలో 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 18 ఏళ్ళు నిండి, పదో తరగతి పాసైనవాళ్ళు రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కి అర్హులు. డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలోనే నేర్చుకోవాలి. ఫీజు కట్టే ముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. బోర్డు మీద విమానం బొమ్మ ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించారు. ఆకుపచ్చ మండలంలో సాధారణంగా 400 అడుగుల ఎత్తు దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరవేయవచ్చు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇస్తేనే.

పదో తరగతి వాళ్ళకి ఒక లెక్క ఇచ్చి ముగిస్తాం. రేవు నుంచి లంకకి 6 కిలోమీటర్లు. డ్రోన్ వేగం సెకనుకి 15 మీటర్లు. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి సెకనుకి 5 మీటర్లు, వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి. పోయి రావడానికి ఎంతసేపు? 15 నిమిషాలు రావాలి. 13 నిమిషాల 20 సెకన్లు వచ్చినవాళ్ళు గాలిని మర్చిపోయారన్నమాట.