ఇంటి కరెంటు తనిఖీలో ఏ దోషమును ముందు వ్రాయవలెను?

మన సంఘ సభ్యుల యిండ్లలో నేడు దీపములే గాక పంకాలు, మిక్సీలు, నీళ్ల మోటార్లు, వేసవిలో ఇనుప కూలర్లును గలవు. వైరింగు మాత్రము పలుచోట్ల రెండు దీపములున్న కాలము నాటిదే. లైసెన్సు గల పనివానిని పిలిచి చూపించినచో దోషములు కనబడుట కష్టము గాదు. కనబడినవానిలో దేనిని ముందు వ్రాయవలెను, దేనిని విడువవలెను అనునదే కష్టము.

ఈ మాట నాకు అనుభవముమీద తెలిసినది. కొన్ని యేండ్ల క్రిందట ప్రదర్శన క్షేత్రపు పనిమీద ఒక గ్రామమునకు పోయి, ఒక రైతు కోరికపై అతని యింటి వైరింగును పనివానితో గూడ తిరిగి చూచితిని. వీధిగది మొదలు పెరటి వరకు నడచి, కనబడినది కనబడినట్లు పదునేడు దోషములు వ్రాసి యిచ్చితిమి. రైతు యోగ్యుడు, కాగితమున నున్న వరుసనే బాగుచేయింప మొదలిడెను. పగిలిన స్విచ్చి మూత, వ్రేలాడు హోల్డరు, రంగు మారిన ప్లగ్గు, ఇట్లు ఆరేడు పూర్తియగునప్పటికి చేతిలోని డబ్బు అయిపోయెను. పదునాలుగవది పెరటిలోని దండెము. అది ఇనుపతీగ, సర్వీసు తీగను మోయు ఇనుప గొట్టమునకే దాని కొస కట్టబడియుండెను. తొలకరి వానలో, తీగ తొడుగు ఒరసికొనిపోయిన చోట తడిసి గొట్టమునకు కరెంటు వచ్చెను. బట్టలు ఆరవేయబోయిన ఆ యింటి కోడలు దండెమును పట్టుకొని విడువలేకపోయెను. అత్తగారు పరుగున పోయి మెయిను ఆపినను ప్రయోజనము లేకపోయెను, ఏలయన ఆ తీగ మెయినుకు పైనిది. పొరుగువాడు ఎండు వెదురుగడతో దండెమును కొట్టి తప్పించెను. ప్రాణము దక్కినది గాని అరచేయి కాలినది. తప్పు రైతుది కాదు. నడచిన వరుసనే కాగితముమీద పెట్టిన మాది.

ఇంగ్లండు దేశమున తనిఖీదారులు దోషములకు గుర్తులు వేయుదురు. ప్రమాదము ఇప్పుడే యున్నదానికి సి1, ప్రమాదము కలుగగలదానికి సి2, బాగుచేసిన మేలనదగినదానికి సి3. తెలియనిదానిని ఇంకను పరిశీలింపవలెనని వేరుగా వ్రాయుదురు. 2020 నాటి నిబంధనల ప్రకారము అద్దెకిచ్చిన యిండ్లను అయిదేండ్లకు మించకుండ తనిఖీ చేయించి, మొదటి రెండు తరగతుల దోషములను 28 దినములలోగా బాగుచేయింపవలెను. పాతపద్ధతిలో నున్నంత మాత్రమున ఆ వైరింగు ప్రమాదకరమని వారు తలంపరు. ఈ వివేకము మనకును కావలెను. చెక్కపట్టీలో పోవు పాత తీగ తొడుగు గట్టిగా నున్నచో దానిని చివరకు వ్రాసిన చాలును.

నేనిప్పుడు రెండు ప్రశ్నలు వేసికొందును. ఈ క్షణమున పిల్లవాని చేయి తగిలిన ప్రాణము పోవునా? పోవునన్నచో వ్రాయుటకు ముందే నోటితో చెప్పి, ఆ భాగమును ఆపించి మరి కదలవలెను. పై దండెము, మూత లేని మెయిను బోర్డు, తొడుగు ఊడిన అతుకు ఈ జాతివి. ఇప్పుడు పోదుగాని, మరియొక లోపము తోడైనచో పోవునా? ఇది రెండవ ప్రశ్న. ఎర్తు తీగ లేని మోటారు, స్విచ్చిని న్యూట్రలు తీగమీద పెట్టిన దీపము, కాలిపోయిన ఫ్యూజులో మడచి పెట్టిన లావు రాగితీగ ఇందు చేరును. ఇవి ఏండ్ల తరబడి ఊరకుండును గనుకనే రైతులు నమ్మరు.

"ఫ్యూజు ఉన్నది గదా" అని పలువురు అందురు. లెక్క చూడుడు. మన యింటి కరెంటు 230 వోల్టులు. వేసవిలో నేల యెండి, ఎర్తు గుంట నిరోధము 40 ఓములైనచో, లోపము కలిగిన కూలరు నుండి భూమిలోనికి పోవునది ఆరు ఆంపియర్లకు లోపే. పదునైదు ఆంపియర్ల ఫ్యూజు దానికి కదలదు. కూలరు ఇనుప రేకులకు కరెంటు అట్లే యుండును. మనిషిని చంపుటకు ఆంపియరులో చిన్న భాగమే చాలును. కాబట్టి ఎర్తు గుంటకు నీరు పోయుటయు, 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోవు ఆర్.సి.సి.బి. పెట్టించుటయు రెండును వలయును. మా పనివాడు దీనిని మూడవ తరగతిలో వ్రాయుమనును. మోటారు, కూలరు ఉన్న యింట రెండవ తరగతిలోనే వ్రాయవలెనని నా యభిప్రాయము.

ఇంకొక మాట. స్తంభము నుండి మీటరు వరకు నున్న తీగ లోపమును ఇంటివారు తాకరాదు. దానిని కాగితమున వేరుగా వ్రాసి, 1912 నంబరుకు ఫోను చేసి, ఫిర్యాదు నంబరును కాగితముమీదనే వ్రాసికొనవలెను. చూడ వీలుగానిదానిని, అనగా గోడలోని తీగను, అటుకమీది అతుకును, బాగున్నదని వ్రాయక చూడలేదని వ్రాయవలెను.

ఆర్.సి.సి.బి. ఇదివరకే యున్నచో దాని మీది పరీక్ష బొత్తామును తనిఖీనాడు ఇంటివారి యెదుటనే నొక్కి చూపవలెను. నొక్కినను పడనిచో అది లేనట్లే వ్రాయవలెను.