ఎండను రాత్రికి దాచే గోడ

ట్రోంబ్ గోడ చూడటానికి యంత్రంలా ఉండదు. ఇంటికి దక్షిణం వైపున మందపాటి గోడ, దాని బయటి ముఖానికి నల్ల రంగు, ఆ ముఖానికి జానెడు కంటే తక్కువ ఎడంలో చట్రానికి బిగించిన అద్దం. గోడకు కింద రెండు కన్నాలు, పైన రెండు కన్నాలు. సరంజామా అంతా ఇంతే. తిరిగే చక్రం లేదు, మండే ఇంధనం లేదు, కరెంటు తీగ లేదు. అయినా ఎండ బాగా కాసి, చలి బాగా కొరికే చోట దీని ముందు కుంపటి, హీటరు రెండూ ఖరీదైన సరుకుల్లా కనిపిస్తాయి.

ఇది పనిచేసే తీరు తెలుగువారికి కొత్తదేమీ కాదు, కాకపోతే చేదుగా తెలిసినది. మే నెలలో రాయలసీమలోనో తెలంగాణలోనో డాబా ఇంట్లో పడుకున్నవారికి అనుభవమే: రాత్రి తొమ్మిదింటికి బయట గాలి కాస్త చల్లబడినా లోపల స్లాబు సెగ తగ్గదు. పగలంతా తాగిన ఎండను అది తీరిగ్గా గదిలోకి దింపుతూ ఉంటుంది. అందుకే మంచాలు మేడ మీదికి ఎక్కుతాయి. ట్రోంబ్ గోడ ఆ స్లాబు పనినే చలి దేశంలో, నిలువుగా నిలబెట్టి చేయించుకుంటుంది.

కాంక్రీటులో వేడి నత్తనడక నడుస్తుంది. 10 సెంటీమీటర్ల మందం దాటడానికి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. 30 సెంటీమీటర్ల గోడ బయటి ముఖం మిట్టమధ్యాహ్నం బాగా కాగితే, ఆ వేడి తాకిడి లోపలి ముఖానికి చేరేసరికి రాత్రి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. అంటే బయట సూర్యుడు దిగి, చలి ముదిరి, ఇంటిల్లిపాదీ లోపలికి చేరే వేళకు. మందం పెంచితే వేడి ఇంకా ఆలస్యంగా వస్తుంది, కానీ పలచబడి వస్తుంది. తగ్గిస్తే త్వరగా వస్తుంది, తెల్లవారేలోగా అయిపోతుంది. ఈ గోడ కట్టేవాడు ముందు తేల్చుకోవలసింది వేడి ఎంత కావాలన్నది కాదు, ఎప్పుడు కావాలన్నది.

ఎంత అన్న లెక్కా తీసివేయదగ్గది కాదు. 10 చదరపు మీటర్ల వైశాల్యం, 30 సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు గోడ దాదాపు 7 టన్నుల బరువుంటుంది. దాని వేడి 10 డిగ్రీలు పెరిగితే అందులో చేరేది సుమారు 17 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి. ఒక కిలోవాట్ హీటరును రాత్రంతా వేసి ఉంచినా అంత ఖర్చు కాదు. అయితే ఆ వేడి అంతా గదికే వస్తుందన్న హామీ లేదు. గోడకు రెండు ముఖాలున్నాయి, వేడికి రెండు దారులూ ఒకటే. బయటి దారిని అడ్డుకోవడానికే అద్దం.

అద్దం సంగతి 18వ శతాబ్దంలోనే తేలింది. జెనీవాకు చెందిన ఒరాస్ బెనెడిక్ట్ డి సోస్యూర్ 1767లో అద్దాల మూతలున్న పెట్టెలు చేసి ఎండలో పెట్టాడు. తర్వాత వాటిని మెరుగుపరిచి, చుట్టూ వేడి పోకుండా కట్టుదిట్టం చేస్తే, లోపల నీరు మరిగే వేడిని మించిపోయింది. సూర్యకాంతి అద్దంలోంచి సులువుగా లోపలికి వస్తుంది. కాగిన నల్లటి తలం వదిలే పరారుణ కిరణాలను మాత్రం అద్దం బయటికి దాటనివ్వదు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాయి గాని, అద్దం చేసే మేలులో పెద్ద వాటా మరోటి: వేడెక్కిన గాలిని చలిగాలి ఊడ్చుకుపోకుండా కాయడం.

నల్లటి తలాన్నీ అద్దాన్నీ ఇంటి గోడకు తగిలించిన మొదటివారిలో ఒకడు ఇంజనీరు కాదు, నత్తగుల్లలు ఏరుకునే జంతుశాస్త్రజ్ఞుడు. అమెరికాలోని సేలంలో ఉండే ఎడ్వర్డ్ మోర్స్ 1877లో సముద్రజీవుల అధ్యయనం కోసం జపాన్ వెళ్ళి, రైలు కిటికీలోంచి కనిపించిన గుల్లల దిబ్బను పట్టుకుని ఆ దేశపు పురావస్తు పరిశోధనకే నాంది పలికాడు. ఎండ పడే కిటికీ వెనక ముదురు రంగు తెర కాగి, దాని పక్కగా వేడిగాలి పైకి లేవడం గమనించి ఆయన తన సాధనాన్ని ఊహించాడని చెబుతారు. 1881లో తీసుకున్న పేటెంటులో ఉన్నది ఇది: దక్షిణపు గోడకు బయట నల్లటి పలక రాయి, దాని మీద అద్దం, గోడలో కిందా పైనా కన్నాలు. గదిలోని చల్లగాలి కింది కన్నంలోంచి పలక దగ్గరికి వెళ్ళి, కాగి తేలికై, పై కన్నంలోంచి గదిలోకి తిరిగి వస్తుంది. కన్నాల తలుపులు మార్చి బయటి తాజా గాలినీ వేడి చేసుకోవచ్చు.

లోపమల్లా పలక పలచనిది కావడమే. ఎండ ఉన్నంతసేపే దాని కొలువు. చీకటి పడ్డాక, అంటే వేడి నిజంగా కావలసినప్పుడు, దాని దగ్గర ఇవ్వడానికేమీ ఉండదు. బొగ్గు కారుచవకగా దొరికే రోజుల్లో అలాంటి సాధనాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పలక స్థానంలో బరువైన గోడ నిలబడటానికి 80 ఏళ్ళకు పైగా పట్టింది. ఆ పని ఫ్రాన్స్‌లో, పిరనీస్ కొండల్లో జరిగింది. ఫెలిక్స్ ట్రోంబ్ రసాయన శాస్త్రవేత్త, గుహల అన్వేషణలోనూ పేరున్నవాడు. 1949లో మోం లూయీ కోటలో అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చే సౌర కొలిమి నడిపాడు. ఆ తర్వాత దగ్గరలోని ఒడియో గ్రామంలో అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది కట్టించాడు. అక్కడ కొండవాలు మీద నిలిపిన 63 కదిలే అద్దాలు ఎండను ఎదుటి భవనం ముఖమంతా పరుచుకున్న పుటాకార దర్పణం మీదికి పంపుతాయి. అది కేంద్రీకరించిన చోట వేడి 3,000 డిగ్రీలు దాటుతుంది. సూర్యుడితో లోహాలు కరిగించినవాడే అదే సూర్యుడితో గదిని 20 డిగ్రీలకు తేవడం మీద మనసు పెట్టడం విశేషం. నిజానికి రెండోదే కష్టం. కొలిమికి ఎండ ఉన్నప్పుడు పనిచేస్తే చాలు, ఇంటికి ఎండ లేనప్పుడు పనిచేయాలి.

వాస్తుశిల్పి జాక్ మిషెల్‌తో కలిసి ట్రోంబ్ 1967లో ఒడియోలో ఇల్లు కట్టించాడు. దక్షిణాన రెండు పొరల అద్దం, వెనక 60 సెంటీమీటర్ల మందం కాంక్రీటు గోడ, నల్ల రంగు, కిందా పైనా కన్నాలు. పగలు కన్నాల ద్వారా వేడిగాలి వెంటనే గదిలోకి వస్తుంది, అది మోర్స్ పద్ధతి. రాత్రి గోడ తన వేడిని వదులుతుంది, అది కొత్త చేర్పు. అయితే 60 సెంటీమీటర్లు మరీ ఎక్కువ. అంత మందం దాటడానికి వేడికి 16 గంటలు పడుతుంది. మధ్యాహ్నపు ఎండ గదికి చేరేసరికి మర్నాటి తెల్లవారుజాము. అక్కడే తర్వాత వచ్చిన ఇళ్ళలో గోడను బాగా పలచన చేశారు.

ఇంకో చిక్కు కన్నాల దగ్గర బయటపడింది. రాత్రి అద్దం చల్లబడగానే దాని పక్కనున్న గాలి బరువెక్కి కిందికి దిగుతుంది, కింది కన్నంలోంచి చల్లగా గదిలో పడుతుంది. దాని చోటు భర్తీ చేయడానికి గదిలోని వెచ్చని గాలి పై కన్నంలోంచి అద్దం వైపు పోతుంది. పగలు గదిని కాచిన ఏర్పాటే రాత్రి తలకిందులై దాన్ని చల్లార్చేస్తుంది. దీనికి విరుగుడు రూపాయి ఖర్చులో దొరికింది. పై కన్నానికి గది వైపున తీగ వల, దానికి ఆనించి పైఅంచు మాత్రమే అతికించిన పలచని ప్లాస్టిక్ పొర. వేడిగాలి లోపలికి తోసినప్పుడు పొర ఎగిరి దారి ఇస్తుంది. గాలి వెనక్కి పోబోతే వలకు అతుక్కుని మూసుకుపోతుంది. మొత్తం సాధనంలో కదిలే భాగం ఏదైనా ఉందంటే అదొక్కటే. అది చిరిగినా, వంకరపోయినా ఇంట్లోవాళ్ళకు వెంటనే తెలియదు, వెచ్చదనం తగ్గిందని మాత్రం అనిపిస్తుంది. ఈ గొడవ పడలేక తర్వాతి తరం నిర్మాతల్లో చాలామంది కన్నాలే మానేసి గోడను మాత్రమే నమ్ముకున్నారు.

1973లో చమురు ధరలు భగ్గుమనడంతో ఈ గోడకు దశ తిరిగింది. వాస్తుశిల్పి డగ్లస్ కెల్బా అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో 1975లో రెండంతస్తుల ఎత్తున ట్రోంబ్ గోడతో సొంత ఇల్లు కట్టుకున్నాడు. దాన్ని చూసి ఎందరో అలాంటివే కట్టారు. అంతకుముందే న్యూ మెక్సికోలో స్టీవ్ బేర్ కాంక్రీటు జోలికి పోకుండా నీళ్ళు నింపిన డ్రమ్ములను అద్దం వెనక పేర్చాడు. అదే ఘనపరిమాణంలో నీరు కాంక్రీటుకు రెట్టింపు వేడి దాస్తుంది. పైగా ఆయన అద్దం బయట పెద్ద తలుపు అమర్చాడు. పగలు అది నేలమీద పడుకుని ఎండను డ్రమ్ముల మీదికి తిప్పుతుంది, రాత్రి పైకి లేచి వాటికి దుప్పటి కప్పుతుంది. ట్రోంబ్ గోడ అసలు బలహీనత రాత్రి అద్దంలోంచి కారిపోయే వేడి అని బేర్ పట్టుకున్నంత సూటిగా అప్పట్లో తక్కువమందే పట్టుకున్నారు.

చమురు ధరలు దిగగానే పాశ్చాత్య దేశాల్లో మోజూ దిగింది. కారణాలు లేకపోలేదు. రోజుల తరబడి మబ్బు పట్టే ఉత్తర ఐరోపాలో గోడ కాగదు, కాగని గోడ వేడిని ఇవ్వకపోగా గదిలోది లాగేస్తుంది. దక్షిణం వైపు మొత్తం గోడే అయితే వెలుతురూ ఉండదు, చూపుకు బయలూ ఉండదు.

ఈ లెక్కలన్నీ కలిసొచ్చే చోటు లడఖ్. లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు రాత్రులు మైనస్ 20 దాకా పడిపోతాయి. వాన అత్యల్పం కాబట్టి ఆకాశం ఏడాదిలో ఎక్కువ రోజులు నిర్మలంగా ఉంటుంది. డిసెంబరు చివర మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 32 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు, కాబట్టి నిలువు అద్దం మీద ఎండ సూటిగా పడుతుంది. జూన్‌లో అదే సూర్యుడు దాదాపు నడినెత్తికి, 79 డిగ్రీలకు చేరతాడు. అప్పుడు చిన్న సజ్జ చాలు, అద్దం మొత్తం నీడలో ఉంటుంది. చలికాలంలో తెరిచి వేసవిలో మూసే తలుపు పనిని ఆకాశమే చేసిపెడుతుంది.

ఇంధనం దొరకడమే అక్కడ అసలు కష్టం. చెట్లు తక్కువ. విల్లో, పాప్లర్ మానులు ఇంటి కప్పుకే సరిపోవాలి. పొయ్యిలోకి పశువుల పేడ ఎండబెట్టి దాచుకుంటారు, దాన్ని వేసవి మేత భూముల్లో ఏరుకు రావాలి. కిరోసిన్, బొగ్గు కనుమలు మంచుతో మూసుకుపోకముందే లారీల్లో రావాలి. చలికాలంలో కుటుంబమంతా వంటగది ఒక్కదాంట్లో సర్దుకుంటుంది. పొగ గొట్టం సరిగా లేని పొయ్యి దగ్గర ఎక్కువసేపు కూర్చునే ఆడవాళ్ళ కళ్ళకూ ఊపిరితిత్తులకూ ఆ వెచ్చదనం గట్టి ధరే వసూలు చేస్తుంది.

ట్రోంబ్ గోడ 1970ల చివర నుంచి అక్కడికి చేరింది. హెలెనా నార్బెర్గ్-హాడ్జ్ బృందం, 1983లో ఏర్పడిన లడఖ్ ఎకలాజికల్ డెవలప్‌మెంట్ గ్రూప్ మొదటి గోడలు కట్టించాయి. కాంక్రీటు స్థానంలో పచ్చి ఇటుక వచ్చింది. మట్టిలో వేడి కాంక్రీటులో కంటే నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి తక్కువ మందంతోనే అంత ఆలస్యం దొరుకుతుంది. ఇటుక ఊళ్ళోనే పోసుకోవచ్చు, మేస్త్రీ ఊళ్ళోవాడే. బయటినుంచి కొని తేవలసింది అద్దం, నల్ల రంగు. ఆ అద్దమే లడఖ్‌లో ఖర్చంతా, పైగా కొండదారిలో పగలకుండా రావాలి.

ఒక్క గోడతో ఇల్లు వెచ్చబడదని కూడా అక్కడ త్వరగానే తెలిసింది. తూర్పు, పడమర, ఉత్తరం వైపు గోడలు, కప్పు వేడిని వదిలేస్తుంటే దక్షిణపు గోడ ఎంత తెచ్చినా చిల్లికుండలో నీళ్ళే. జెరెస్ అనే ఫ్రెంచి సంస్థతో కలిసి పనిచేసినవారు ఆ మూడు వైపులా జంట గోడలు కట్టి నడుమ గడ్డి, రంపపు పొట్టు లాంటివి కూరడం, తలుపు సందులు మూయడం అలవాటు చేశారు. రాత్రి అద్దానికి లోపలో బయటో తెర దించడం ఇంట్లోవాళ్ళ వంతు. సూర్యుడు దిగగానే దించడం మర్చిపోతే గోడ కష్టం సగం ఆకాశం పాలు.

లడఖీలకు మరింత నచ్చినది ట్రోంబ్ గోడకు వరస తమ్ముడు, 'షెల్‌ఖాంగ్', అంటే అద్దాల గది. గోడకూ అద్దానికీ మధ్య జానెడు లోపు ఖాళీని మనిషి కూర్చునేంత వెడల్పు చేస్తే అది షెల్‌ఖాంగ్ అవుతుంది. వెనక గోడ వేడి దాచే పని చేస్తూనే ఉంటుంది. ముందు మాత్రం ఉన్ని వడుక్కోవచ్చు, పిల్లలు చదువుకోవచ్చు, కుండీల్లో ఆకుకూర పెంచుకోవచ్చు. డబ్బు లేనివారు అద్దానికి బదులు చలికాలానికి పాలిథిన్ కప్పి, వసంతంలో విప్పేస్తారు. ఫే గ్రామం దగ్గర సెక్‌మోల్ విద్యా సంస్థ మట్టి భవనాలకు ఇలాంటి ఏర్పాట్లే ఆధారం.

ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన సోనమ్ వాంగ్‌చుక్ 2021 ఫిబ్రవరిలో ఇదే సూత్రాన్ని గుడారంలో పెట్టి చూపించాడు. దాదాపు పదిమంది సైనికులు పడుకునే ఈ గుడారంలో ఎండ వైపు పారదర్శకమైన గది ఉంటుంది, అక్కడ పగలు దాచిన వేడి రాత్రి పడక గదికి పనికొస్తుంది. విడదీస్తే ఏ భాగమూ 30 కిలోలు మించదు. రాత్రి పది గంటలకు బయట మైనస్ 14 ఉన్నప్పుడు లోపల 15 డిగ్రీలు ఉన్నట్టు ఆయన ప్రకటించాడు. 7 టన్నుల గోడతో మొదలైన సాధనం అలా మనుషులు మోసుకుపోగల బరువుకు దిగింది.