పెరటి కూరగాయల తోటలో పక్షుల బెడద – దశలవారీ యాజమాన్యం

ఎకరం జొన్నచేనుపై పిచ్చుకల గుంపు వాలితే నష్టం వేలాది కంకులపై పంపిణీ అవుతుంది. పది టమాట మొక్కలు, రెండు బీర పాదులు, ఒక తోటకూర మడి ఉన్న పెరటిలో అలా జరగదు. రెండు గోరువంకలు, నాలుగు పిగిలిపిట్టలు మూడు రోజులు వరుసగా వస్తే ఆ వారం ఇంటికి కూర లేనట్లే. అందువల్ల పెరటి తోటలో పక్షుల నష్టం ఎకరాల లెక్కలో స్వల్పంగా కనిపించినా, కుటుంబం దృష్టిలో మాత్రం తీవ్రమైనది. విసుగుతో తోటపని మానుకునేవారు, పురుగుమందు కలిపిన గింజలు చల్లేవారు కూడా ఉన్నారు. ఈ రెండూ జరగకుండా చూడడం విస్తరణ కార్యకర్త బాధ్యత.

హైదరాబాదులోని రాజేంద్రనగర్ కేంద్రంగా సాగిన వ్యవసాయ పక్షి శాస్త్ర పరిశోధనలు పొలం పంటలకు అనేక పద్ధతులను అందించాయి. వాటిని యథాతథంగా పెరటిలోకి తేవడం సాధ్యం కాదు. మంచె వేసి వడిసెల తిప్పడం, డబ్బాలు మోగించడం ఇళ్ల మధ్య కుదరని పనులు. అయితే పొలంలో లేని సౌకర్యం పెరటిలో ఒకటుంది. విస్తీర్ణం తక్కువ కనుక ప్రతి మడిని, అవసరమైతే ప్రతి కాయను విడివిడిగా కాపాడుకోవచ్చు.

నష్టకారకాన్ని గుర్తించడం

పెరటిలో కనిపించే ప్రతి గాటూ పక్షిది కాదు. చర్యకు ముందు కారకాన్ని నిర్ధారించుకోవాలి.

• పక్షి పొడిచిన టమాటపై లోపలికి సన్నగిల్లే గుంత ఉంటుంది. పైకి కనిపించే, రంగు తిరిగిన కాయలకే ముందుగా నష్టం కలుగుతుంది. ఇది పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సాయంకాల వేళల్లో జరుగుతుంది.
• ఎలుక కొరికిన కాయపై జంట పళ్ల గీతలు ఉంటాయి. నష్టం రాత్రివేళ, తరచుగా నేలకు దగ్గరగా ఉన్న కాయల్లో కనిపిస్తుంది.
• నత్తలు తిన్న ఆకులపై, మట్టిపై ఎండిన జిగట చార మెరుస్తూ కనిపిస్తుంది.
• మొలక నేలమట్టానికి తెగి పక్కనే పడి ఉంటే మట్టిలో దాగి ఉండే లద్దెపురుగును అనుమానించాలి. మొలక పైభాగం చిరిగిపోయి, చుట్టూ మట్టి చెదిరి ఉంటే అది పక్షుల పని.

సాధారణంగా ఊరపిచ్చుకలు, గువ్వలు, పావురాలు విత్తనాలను ఏరుకుంటాయి. గోరువంకలు, పిగిలిపిట్టలు, కాకులు పండిన మెత్తని కాయలను పొడుస్తాయి. రామచిలుకలు మొక్కజొన్న పొత్తులను, పొద్దుతిరుగుడు పూలను, జామకాయలను, మిరపకాయలను కొరికి, తిన్నదానికన్నా ఎక్కువ పారవేస్తాయి. గుట్టలు, తోపుల సమీప గ్రామాల్లో నెమళ్లు మొలకలను తిని, మడులను కాళ్లతో గీరి పాడుచేస్తాయి.

రెండు బలహీన దశలు

కూరగాయ మొక్క జీవితకాలమంతా పక్షుల బెడదకు సమానంగా గురికాదు. విత్తిన నాటి నుండి మొలక నిలదొక్కుకునే వరకు ఒక దశ, కాయ రంగు తిరిగిన నాటి నుండి కోత వరకు మరొక దశ కీలకమైనవి. మధ్యకాలంలో పక్షి చాలావరకు తోటకు మిత్రమే. పిచ్చుక గింజలు తినే పక్షి అయినా పిల్లలకు ప్రధానంగా పురుగులనే మేపుతుంది. గోరువంక నేలపై మిడతలను, లద్దెపురుగులను ఏరుతుంది. పసులపోలిగాడు ఎగిరే కీటకాలను పట్టుకుంటుంది. మొక్క ఏపుగా పెరిగే దశలో తోటను పూర్తిగా వలతో మూసివేస్తే ఈ సేవను కోల్పోతాం. కనుక ‘ఏ సాధనం వాడాలి’ అనే ప్రశ్నకు ముందు ‘ఎప్పుడు వాడాలి’ అనేది నిర్ణయించుకోవాలి.

మొదటి దశ: విత్తనం, మొలక

తోటకూర వంటి సన్న విత్తనాలను ఇసుకతో కలిపి పలుచగా చల్లి, మట్టితో కప్పి, పైన వరిగడ్డి లేదా తడి గోనెసంచి పరచాలి. మొలకలు కనిపించగానే ఆ కప్పును సాయంకాలం పూట తొలగించి, వెంటనే వలను లేదా ముళ్లకంపను అమర్చాలి. కప్పు తీసిన మరునాటి ఉదయమే పిచ్చుకలు వాలతాయి కనుక ఈ రెండు పనుల మధ్య వ్యవధి ఉండరాదు. తుమ్మ, రేగు కంపలను మడిపై ఎడంగా పరచడం పల్లెల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఖర్చు లేని ఈ పద్ధతి చిన్న మడులకు నేటికీ తగినదే.

చిక్కుడు, బీన్స్, గోరుచిక్కుడు పంటల్లో బీజదళాలు నేలపైకి వస్తాయి. వాటికి దిగువన కాండం తెగితే తిరిగి చిగురించడానికి మొగ్గలు మిగలవు, మొక్క చనిపోతుంది. బఠాణీలో బీజదళాలు నేలలోనే ఉండిపోతాయి కనుక పై చిగురు పోయినా కింది కణుపు నుండి మరో రెమ్మ రావచ్చు. ఈ తేడా తెలిస్తే ఏ మడికి ముందుగా రక్షణ కల్పించాలో, ఏ మడిలో తిరిగి విత్తుకోవాలో స్పష్టమవుతుంది.

టమాట, వంగ, మిరప నారును ప్రోట్రేలలో పెంచి నాటుకుంటే ఈ దశ నష్టం దాదాపుగా తప్పుతుంది. నెమళ్లు తిరిగే చోట వెదురు బద్దలను విల్లులా వంచి, వాటిపై వల పరచి, అంచులను మట్టితో కప్పాలి. తక్కువ ఎత్తు కంచె నెమలిని ఆపలేదు.

రెండవ దశ: కాయ పక్వత

ఈ దశలో అత్యంత చౌకైన ఉపాయం సకాలంలో కోయడం. టమాట కోసిన తరువాత కూడా పండే కాయ. అడుగుభాగాన గులాబీ ఛాయ తొంగిచూసినప్పుడే కోసి ఇంట్లో నీడన ఉంచితే కొద్దిరోజుల్లో ఎర్రబడుతుంది. పండకముందే ఫ్రిజ్‌లో పెట్టరాదు. ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ దాటితే ఎరుపు వర్ణకం సరిగా ఏర్పడక పండు పసుపు ఛాయలో మిగిలిపోతుంది కనుక వేసవిలో చల్లని మూల అవసరం. మొక్కపై ఎర్రని పండు కనిపించకపోతే పక్షుల రాక కూడా తగ్గుతుంది.

పెరటి మొక్కజొన్నలో పొత్తు పాలుపోసుకునే దశలో ఆ మొక్క ఆకులనే పొత్తు చుట్టూ చుట్టి మరుగుపరచాలి. పొలం గట్ల వెంబడి వరుసలకు రూపొందించిన ఈ పద్ధతి పెరటికి మరింత సులభం. జామ, దానిమ్మ కాయలకు పలుచని గుడ్డ సంచులు కడితే పండు ఈగ బెడద కూడా తగ్గుతుంది.

మెరుపు రిబ్బన్లను ఉత్తర–దక్షిణ దిశలో, మెలికలు తిప్పి, పంటకు కొంచెం ఎత్తున కట్టాలి. తూర్పు నుండి పడమరకు సాగే సూర్యకాంతి వాటిపై పడి మెరుస్తుంది, గాలికి శబ్దం వస్తుంది. అయితే పక్షులు త్వరగా అలవాటు పడతాయి. దిష్టిబొమ్మ విషయంలోనూ ఇంతే. కాయ రంగు తిరిగే సమయంలోనే కట్టి, రెండు మూడు రోజులకొకసారి స్థానం మార్చి, కోత ముగియగానే తీసివేయాలి. ఏడాది పొడవునా ఉంచినది తోటకు అలంకారమే తప్ప రక్షణ కాదు.

వల ఎంపిక, అమరిక

పిచ్చుకలను ఆపడానికి 19 మిల్లీమీటర్లు, గోరువంక పరిమాణపు పక్షులకు 28 మిల్లీమీటర్లు, పావురాలకు 50 మిల్లీమీటర్ల కన్ను ఉన్న వలలు సరిపోతాయి. అన్ని రకాల పక్షులు వచ్చే పెరటికి 19 మిల్లీమీటర్లది తగినది. వలను మొక్కలపై నేరుగా కప్పితే పక్షి దానిపై వాలి కాయను పొడుస్తుంది. పందిరిలా గుంజలు నాటి, మొక్కకు అడుగు ఎడంగా, బిగువుగా కట్టాలి. వదులుగా వేలాడే వలలో పక్షులు, తొండలు, పాములు చిక్కుకొని చనిపోతాయి. సన్నని చేపల వల దారం ఇందుకు పనికిరాదు. రోజుకొకసారైనా వలను పరిశీలించాలి.

పరాగ సంపర్కాన్ని మరువరాదు. టమాట అధికంగా స్వపరాగ సంపర్కం చెందుతుంది కనుక వల వల్ల పెద్ద ఇబ్బంది లేదు. తేనెటీగలు 19 మిల్లీమీటర్ల కన్ను గుండా రాగలవు. సాయంకాలం విచ్చుకునే బీర, సొర పూలకు వచ్చే పెద్ద రెక్కల చిమ్మెటలకు మాత్రం అది అడ్డంకి. తీగజాతి పాదులకు వల వేయకపోవడమే మేలు. వేయక తప్పకపోతే సాయంకాలం మగపూవు పుప్పొడిని ఆడపూవు కీలాగ్రంపై చేతితో అద్దాలి.

ఫలించనివి, చేయకూడనివి

కారం నీళ్లు చల్లితే పక్షులు రావన్న నమ్మకం విస్తృతంగా ఉంది. మిరపలోని కాప్సైసిన్ క్షీరదాల నోటిలోని నాడీ గ్రాహకాలను మండిస్తుంది. పక్షుల గ్రాహకాలు దానికి స్పందించవు. అందుకే చిలుక పండుమిరపను నిశ్చింతగా తింటుంది. గింజలను నమిలి నాశనం చేసే జంతువులను దూరంగా ఉంచి, వాటిని చెక్కుచెదరకుండా దూరప్రాంతాలకు చేర్చే పక్షులను అనుమతించడం మిరప మొక్కకు లాభదాయకమైన ఏర్పాటు. ఎలుకపై కొంత ప్రభావం చూపగల కారం నీళ్లు పక్షిపై వృథా.

విషపు ఎరలు, జిగురు పుల్లలు, విద్యుత్ తీగలు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. గుళికల మందులను మట్టిపై వెదజల్లితే పక్షులు గింజలని భ్రమించి తిని చనిపోతాయి. ఆ మడిలోని ఆకుకూర ఇంటి పిల్లలకూ ప్రమాదమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వేట అంటే చంపడం మాత్రమే కాదు. ఉచ్చు వేసి పట్టడం, గూళ్లకు, గుడ్లకు హాని చేయడం కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. 1963లో జాతీయ పక్షిగా ప్రకటితమైన నెమలికి ఈ చట్టం మొదటి షెడ్యూలు కింద అత్యున్నత రక్షణ ఉంది.

విస్తరణ కార్యకర్తలకు సూచన

వేసవిలో పక్షులు దాహం తీర్చుకోవడానికి కూడా రసభరితమైన కాయలను పొడుస్తాయి. మడులకు దూరంగా, నీడన మట్టి మూకుడులో నీరు ఉంచి, రోజూ మార్చమని సూచించాలి. వరికంకుల కుచ్చులను చూరుకు వేలాడదీసే ఆచారాన్ని మాన్పించనవసరం లేదు. కుచ్చును పెరటి మడుల వైపు కాక ఇంటి ముందువైపు కట్టుకోమంటే చాలు.

ప్రదర్శనకు ఒకే పెరటిలో రెండు టమాట మడులు ఎంచుకోవాలి. ఒకదానికి మొలక, పక్వ దశల్లో మాత్రమే రక్షణ కల్పించి, రెండవదానిని యథాతథంగా వదిలి, కోసిన కాయలు, పక్షి పొడిచినవి, పురుగు తొలిచినవి వేర్వేరుగా లెక్కించి గృహిణి చేతనే నమోదు చేయించాలి. పక్షి తిన్నదెంత, అది పురుగుల నుండి కాపాడినదెంత అన్నది ఆమె లెక్కలోనే తేలితే, విషపు గింజలు వద్దని మనం విడిగా చెప్పవలసిన అవసరం ఉండదు.