ట్రాక్టర్, ట్రాలీ చక్రాల నట్లు విప్పడానికి ఏ పానా కొనాలి?

సంజామల, కోవెలకుంట్ల ప్రాంతంలో ఫిబ్రవరి వచ్చిందంటే ట్రాక్టర్లకు తీరిక ఉండదు. నల్లరేగడిలో అక్టోబరు, నవంబరు నెలల్లో వేసిన శనగ అంతా ఒకేసారి కోతకు వస్తుంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ-47 లాంటి నిటారుగా పెరిగే రకాలతో కోత మిషన్లు శనగ చేలల్లోకి కూడా దిగాయి. మిషను అద్దె గంటల లెక్కన నడుస్తుంది, ట్రాలీ కోసం ఆగదు. అలాంటి రోజు ట్రాలీ టైరు పంక్చరై, చక్రం నట్టు కదలక మూడు గంటలు పోతే ఆ నష్టం ఒక మంచి పానా ధర కంటే ఎక్కువే అవుతుంది.

పంక్చరు ఒక్కటే కాదు. అంతర సేద్యానికి సాళ్ల వెడల్పును బట్టి వెనుక చక్రాలు మార్చుకోవడం, వరి మడిలో దమ్ముకు కేజ్ వీల్స్ బిగించడం, బేరింగుకు గ్రీజు పెట్టడం... ఏడాదిలో నాలుగైదుసార్లయినా ఈ నట్లు విప్పాల్సి వస్తుంది. ట్రాక్టరుతో పాటు వచ్చిన ఎల్ పానా మీద ఎక్కి నిలబడటం, అదీ కుదరకపోతే దాని మీద గెంతడం మన దగ్గర మామూలు పద్ధతి. పానా జారితే మోకాలి చిప్పో, పళ్లో పోతాయి. నట్టు మూలలు అరిగితే ఆ తరువాత ఏ పానా పట్టదు.

ముందు లెక్క తెలుసుకోండి

నట్టును తిప్పే బలం రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: మీరు ఎంత బరువు వేస్తున్నారు, నట్టుకు ఎంత దూరంలో వేస్తున్నారు. 60 కేజీల మనిషి అడుగున్నర పొడవున్న పానా కొన మీద నిలబడితే సుమారు 27 కేజీ-మీటర్ల బలం పడుతుంది. అదే మనిషి మీటరు పొడవున్న కడ్డీ కొనను సగం బరువుతో, అంటే 30 కేజీల బలంతో, నేల మీద నిలబడే నొక్కితే 30 కేజీ-మీటర్లు వస్తుంది. గెంతాల్సిన పనే లేదు. పొడవు రెట్టింపైతే శ్రమ సగమవుతుంది.

ట్రాక్టరు వెనుక చక్రాల నట్లను సాధారణంగా 20 నుంచి 30 కేజీ-మీటర్ల దాకా బిగిస్తారు, ముందు చక్రాలకు ఇంకా తక్కువ. మీ ట్రాక్టరుకు కచ్చితంగా ఎంతో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. తుప్పు పట్టిన నట్టు విప్పడానికి బిగించినప్పటి కంటే చాలా ఎక్కువ బలం కావాలి. ట్రాలీ సంగతి వేరు. మన దగ్గర తయారయ్యే ట్రాలీల్లో చాలావాటికి పాత లారీ హబ్బులు, లారీ టైర్లే వేస్తారు. ఆ పెద్ద నట్లకు బిగింపే 50 కేజీ-మీటర్ల పైన ఉండవచ్చు. ట్రాక్టరు పానా ట్రాలీకి చాలదు అనడానికి కారణం ఇదే.

సైజు కుదరకపోతే ఏ పానా అయినా దండగే

దుకాణానికి వెళ్లేముందు ట్రాక్టరు ముందు చక్రం, వెనుక చక్రం, ట్రాలీ చక్రం నట్లను ఒక్కొక్కటి విడిగా కొలవండి. వెర్నియర్ లేకపోతే ఒక్కో నట్టు విప్పి జేబులో వేసుకుని వెళ్లండి, అక్కడే సాకెట్‌లో పెట్టి చూడండి. కొన్ని పాత ట్రాక్టర్ల నట్లు అంగుళాల కొలతలో ఉంటాయి. ముప్పావు అంగుళం పైన ఒక పరక, అంటే 7/8 అంగుళం నట్టుకు 22 ఎంఎం సాకెట్ ఎక్కకపోవచ్చు, 24 ఎంఎం వదులుగా ఆడుతుంది. ఆ వదులుతో బలంగా తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి. సాకెట్ లోపల ఆరు పలకలు ఉన్నదే తీసుకోండి. పన్నెండు పలకలది వేగంగా తొడగవచ్చు కానీ, అది నట్టు మూలల మీదే బరువు వేస్తుంది. తుప్పు నట్లకు అది పనికిరాదు.

తరువాత చూడాల్సింది సాకెట్‌లోకి దూరే చదరపు కొన. అర అంగుళం కొన ముందు చక్రాలకు సరిపోతుంది. దానికే రెండు మీటర్ల పైపు తొడిగి ట్రాలీ నట్టు విప్పబోతే కొన తెగుతుంది, మనిషి వెల్లకిలా పడతాడు. ట్రాక్టరు వెనుక చక్రాలకు, ట్రాలీకి ముప్పావు అంగుళం కొన ఉన్నదే కొనాలి.

నా లెక్కలో చిన్న రైతుకు మొదటి కొనుగోలు ఇదే: ముప్పావు అంగుళం కొన ఉన్న గట్టి కడ్డీ, మీ నట్లకు సరిపోయే రెండు మూడు ఆరు పలకల సాకెట్లు, కడ్డీ మీదకు బిగుతుగా ఎక్కే మీటరు పొడవు ఇనుప పైపు. చేపంపు నుంచి తీసిన పాత పైపు ముక్క మంచిదైతే అదే చాలు. నాలుగు కొమ్ముల ప్లస్ పానా కారుకు, ఆటోకు బాగుంటుంది. దాని కొమ్ములు పొట్టివి కాబట్టి నట్టు వదులైన తరువాత గిరగిరా తిప్పడానికే పనికొస్తుంది.

ఎడమ మర ఉందేమో చూడండి

పాత లారీ హబ్బులతో చేసిన ట్రాలీలో ఒక చిక్కు ఉంది. కొన్ని పాత లారీల ఎడమ వైపు చక్రాలకు ఎడమ మర ఉండేది. అవి మామూలు నట్లకు వ్యతిరేకంగా, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే వదులవుతాయి. ఈ సంగతి తెలియక మనం విప్పుతున్నాం అనుకుంటూ ఇంకా బిగిస్తూ పోతాం, చివరకు స్టడ్డు తెగుతుంది. స్టడ్డు చివర వైరు బ్రష్‌తో రుద్ది చూడండి. ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం గుర్తు ఉంటే అది ఎడమ మర. అక్షరం కనబడకపోతే బయటకు పొడుచుకొచ్చిన మరలు ఏ వైపుకు వాలాయో కుడి వైపు చక్రంతో పోల్చి చూడండి. తెలిశాక ట్రాలీ పక్కన రంగుతో బాణం గుర్తు వేసుకుంటే పాలేరు అయినా, పంక్చరు వేసే అబ్బాయి అయినా పొరపడడు.

గేరు పానా

లారీ హబ్బు నట్లకు కడ్డీ, పైపు చాలనప్పుడు గేరు పానా చూడాలి. పొట్టి డబ్బా లోపల గేర్లు ఉంటాయి, ఒక చివర చిన్న పిడి, మరో చివర సాకెట్. పెట్టె మీద 1:58 అని ఉంటే పిడి 58 చుట్లు తిప్పితే నట్టు ఒక్క చుట్టు తిరుగుతుందని అర్థం. బలం ఆ మేరకు పెరుగుతుంది, కొంత మాత్రం గేర్ల రాపిడిలో పోతుంది. ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా ఒంటిచేత్తో విప్పగలరు. విదేశాల్లో బస్సంత ఇంటి బండ్లు నడుపుకుంటూ తిరిగే పెద్ద వయసు వాళ్లు కూడా ఇలాంటిదే వెంట ఉంచుకుంటారు. కరెంటు అక్కర్లేదు, చేను మధ్యలోనైనా పనిచేస్తుంది. ధర కొన్ని వేలు ఉంటుంది కాబట్టి నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

దీని ఆనుడు కాలు పక్క నట్టు మీదో, గట్టి అంచు మీదో ఆనాలి. ఆ సందులో వేలు పెడితే నలిగిపోతుంది, గేరు బలానికి వేలు అడ్డే కాదు. ఇంకో మాట, దీంతో నట్టు విప్పాలే తప్ప బిగించకూడదు. ఎంత బిగిసిందో చేతికి తెలియదు, స్టడ్డు సాగిపోతుంది.

బ్యాటరీ గన్ను, గాలి గన్ను

పంక్చరు షాపు గాలి గన్ను చూసి చాలామంది అదే కావాలంటారు. దానికి పెద్ద కంప్రెసర్ ఉండాలి, రైతుకు అది అక్కర్లేదు. బ్యాటరీ గన్ను అయితే ట్రాక్టరు అద్దెకు తిప్పేవారికి, యంత్ర సేవా కేంద్రాలకు పనికొస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు వాడేవారికి అవసరానికి చార్జింగు ఉండదు, మన ఎండల్లో ట్రాక్టరు పెట్టెలో పడేస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. కొనేవారు పెట్టె మీద విప్పే బలం, బిగించే బలం రెండు వేర్వేరు అంకెలుంటాయని గమనించాలి. అవి న్యూటన్-మీటర్లలో ఉంటాయి, పదితో భాగిస్తే దాదాపు కేజీ-మీటర్లు వస్తాయి. గన్నుకు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. మెరిసే మామూలు సాకెట్ దెబ్బలకు పగిలి ముక్క ఎగురుతుంది.

నట్టును మంటతో కాల్చవద్దు

ఎంతకీ కదలని నట్టుకు గ్యాసు మంట పెట్టించే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. టైరు రిమ్ముకే ఉండగా డిస్కును, రిమ్మును వేడి చేయడం, వెల్డింగు చేయడం ప్రాణాంతకం. లోపల రబ్బరు వేడికి వాయువులు పుట్టి టైరు బాంబులా పేలుతుంది. గాలి తీసేసినా ఆ ప్రమాదం పోదు, టైరును రిమ్ము నుంచి పూర్తిగా విడదీసిన తరువాతే మంట దగ్గరకు తీసుకెళ్లాలి. దానికి బదులు ముందు రోజు రాత్రి వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె గానీ, అది లేకపోతే డీజిలు గానీ చుక్కలు వేసి నాననివ్వండి. పొద్దున నట్టు ముఖం మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి చూడండి. చాలావరకు కదులుతాయి.

జాకీ పెట్టే ముందు

చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ అర చుట్టు వదులు చేయాలి. లేపిన తరువాత పొడవు కడ్డీతో గుంజితే బండి జాకీ మీద నుంచి జారుతుంది. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. మన రేగడి నేలలో జాకీ దిగబడుతుంది కాబట్టి కింద వెడల్పాటి తుమ్మ చెక్క వేయాలి. బేతంచెర్ల బండలు మన దగ్గర ఎక్కడ చూసినా దొరుకుతాయి గానీ జాకీ కింద అవి వద్దు. పగులుతాయి, పైగా నునుపుకు ఇనుము జారుతుంది. ట్రాక్టరు వెనుక భాగం లేపేటప్పుడు ముందు ఇరుసు ఊగకుండా రెండు వైపులా చెక్క చీలలు కొట్టాలి. లేపాక జాకీని నమ్మి కిందకు దూరవద్దు, ఇరుసు కింద దిమ్మెలు పెట్టండి. వెనుక టైర్లలో నీళ్లు నింపి ఉంటే చక్రం వంద కేజీలకు పైగా అదనపు బరువు ఉంటుంది, ఒక్కరే దించే ప్రయత్నం చేయకండి.

బిగించడానికి స్ప్రింగు కాటా చాలు

టార్క్ రెంచ్ కొనగలిగితే మంచిదే. లేకపోతే ధాన్యం తూచే స్ప్రింగు కాటా వాడుకోవచ్చు. నట్టు మధ్య నుంచి సరిగ్గా మీటరు దూరంలో కడ్డీకి గుర్తు పెట్టి అక్కడ కాటా కొక్కెం తగిలించండి. కడ్డీని నిలువుగా ఉంచి, కాటాను అడ్డంగా పక్కకు లాగండి. అలా చేస్తే కడ్డీ బరువు లెక్కలోకి రాదు. కాటా 25 చూపిస్తే నట్టు 25 కేజీ-మీటర్లు బిగిసినట్లే.

పుస్తకంలో వేరుగా చెబితే తప్ప మరలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. నూనె ఉంటే అదే లాగుడుకు నట్టు ఎక్కువ బిగిసి స్టడ్డు సాగుతుంది. ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురు నట్లను బిగించుకుంటూ రండి. ట్రాలీకి కొత్త రంగు వేయించినప్పుడు డిస్కు, హబ్బు ఆనే చోట రంగు వేయవద్దని పెయింటరుకు గట్టిగా చెప్పండి. బరువు మీద ఆ రంగు పొర అణిగి నట్లు వదులవుతాయి. చక్రం బిగించాక గంట పని తరువాత ఒకసారి, రోజు పని ముగిశాక మరోసారి నట్లు సరిచూడాలి. బస్తాల లోడుతో నంద్యాల దాకా వెళ్లాల్సి ఉంటే, మొదటి ఐదారు కిలోమీటర్ల తరువాత ఆపి చూసుకోండి.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ల నిర్వహణపై రైతులకు, గ్రామీణ యువకులకు అక్కడ శిక్షణ ఇస్తారు. ఊళ్లో యంత్రాలు తిప్పే కుర్రాళ్లను వేసవిలో, ట్రాక్టర్లకు పని లేనప్పుడు పంపితే బాగుంటుంది.